పుంజు "తేలడం" ఏమిటి?

గుంపులో పెద్దలకు నమస్కారం. మొన్న మా మేనత్త ఫోన్లో, "కోడి పన్నెండు పిల్లల్ని లేపిందే, అందులో ఎనిమిది పుంజులే తేలాయి, ఇంక గుడ్లకేం మిగిలాయి" అని వాపోయింది. ఆవుకి పెయ్య పుట్టింది అంటాం, కోడికి మాత్రం పుంజు "తేలింది" అంటాం. ఈ తేలడం ఎక్కణ్ణుంచి వచ్చింది? పనిలో పనిగా ఇంకో సందేహం: గుడ్డు పెట్టేది కాబట్టి పెట్ట అన్నారని మా తెలుగు మాస్టారు చెప్పేవారు. నిజమేనా?

జవాబు (పశ్చిమ గోదావరి)

మీ మేనత్తగారి మాటలో తప్పేం లేదమ్మా. దూడ నేలమీద పడగానే తోకెత్తి చూస్తే పెయ్యో కోడెదూడో తెలిసిపోతుంది. కోడిపిల్లకి ఎత్తి చూసినా కనపడేదేం ఉండదు. ఇరవై ఒక్క రోజులు పొదిగాక పెంకు పగలగొట్టుకుని బయటికొచ్చినవన్నీ వట్టి పిల్లలే. లెక్క తేలినట్టు, తగువు తేలినట్టు, ఆ సంగతీ కొన్నాళ్ళు ఆగితేనే తేలుతుంది. తెలుగు క్రియ కూడా సాయం చెయ్యదు. పుంజైనా పెట్టైనా వచ్చింది, తింది, కూసింది అనే అంటాం. కాబట్టి పుంజా, పెట్టా అన్న ఒక్క మాట మీదే భారమంతా.

మా వైపు ఆరేడు వారాలకి తలమీద జుట్టు చూస్తారు (కోడిజుట్టు పువ్వు అంటామే, ఆ జుట్టే). ముందుగా ఎర్రబడి, మందంగా లేచేది పుంజు. పెట్టకి అప్పటికింకా పాలిపోయి, అణిగి ఉంటుంది. నాటుకోళ్ళలో ఇదీ ఒక్కోసారి మోసం చేస్తుంది. మూడో నెల దాటాక మెడ మీద, నడుం మీద ఈక లాగి చూస్తే ఇక అనుమానం ఉండదు: పుంజు ఈక కొసదేరి, సన్నగా, మెరుపుతో ఉంటుంది, పెట్ట ఈక కొస గుండ్రంగా ఉంటుంది. కాకి, డేగ, నెమలి, సేతువ అని పందెగాళ్ళు పేర్లు పెట్టేది కూడా ఈ ఈకలు దిగాకే.

అందాకా ఆగే ఓపిక ఎవరికుంటుంది? అందుకే నానా పరీక్షలూ పుట్టాయి. అన్నిటికంటే పాతది గుడ్డు చూసి చెప్పడం. కోసుగా ఉంటే పుంజు, గుండ్రంగా ఉంటే పెట్ట అంటారు. ఇది మన ఊళ్ళ సొత్తేం కాదు. మొదటి శతాబ్దంలో వ్యవసాయం గురించి రాసిన రోమన్ రచయిత కొలుమెల్లా అచ్చంగా ఇదే చెప్పాడు: పుంజులు కావాలంటే పొడుగాటి, కోసుగా ఉన్న గుడ్లు పొదిగేయండి, పెట్టలు కావాలంటే గుండ్రటివి అని. అతని కంటే నాలుగు వందల ఏళ్ళ ముందు అరిస్టాటిల్ సరిగ్గా తలకిందులుగా, కోసుది ఆడ, గుండ్రటిది మగ అని రాశాడు. రెండు పక్కలా సాక్షులు దొరికారన్నమాట!

దీన్ని తేల్చడానికి గ్రీకు అక్కర్లేదు, ఇంట్లో నాలుగు పెట్టలుంటే చాలు. ఒక పెట్ట పెట్టే గుడ్లు చాలామటుకు ఒకే వాటంలో ఉంటాయి. మా ఇంట్లో ఒక ఎర్ర పెట్ట ఉండేది, దాని గుడ్లన్నీ ఒక పక్క బొంగరంలా కోసుగానే ఉండేవి. గంప కింద కలిసిపోయినా ఇది దానిదే అని మా అమ్మ ఏరి పక్కన పెట్టేది. వాటిలోంచి పుంజులూ వచ్చాయి, పెట్టలూ వచ్చాయి. గుడ్డు వాటం దాన్ని మోసుకొచ్చిన గొట్టాన్ని బట్టి వస్తుంది. ఆడా మగా అన్నది సొన విడుదలయ్యే వేళకే పెట్ట ఒంట్లో నిర్ణయమైపోయి ఉంటుంది. అవును, తేల్చేది తల్లే. ఆడా మగా తేల్చే క్రోమోజోముల జంటలో పుంజుకి రెండూ జెడ్‌లే, జెడ్, డబ్ల్యూ రెండూ ఉన్నది పెట్టకి. సొనలోకి వాటిలో ఏది చేరిందన్నదాన్ని బట్టే పిల్ల.

జవాబు (కరీంనగర్)

మా దిక్కు గుడ్డు చూసుడు కన్నా పిల్లను పట్టి చూసుడే ఎక్కువ. రెండు కాళ్ళు పట్టి తలకిందులు చేస్తే మెడ పైకెత్తి గుంజుకునేది పుంజు, మెడ ఏలాడేసి ఊకుండేది పెట్ట అంటరు. ఇంకొందరు సూదికి దారం కట్టి గుడ్డు మీద ఏలాడదీస్తరు. గుండ్రంగ తిరిగితే పెట్ట, అటూఇటూ ఊగితే పుంజు. నాకైతే సూది పట్టినోడి చెయ్యే ఊగినట్టు కనవడ్తది. అయినా దేంతోని చెప్పినా సగం సార్లు కరెక్టే అయితది గద, ఉన్నయే రెండు!

జవాబు (పశ్చిమ గోదావరి)

బాగా చెప్పారన్నా. ఇంకోటి గమనించారా, గుంజుకునేది, ఎగిరేది, తలెత్తేది మగదట, ఊరుకునేది ఆడదట. ఇది పిల్లకి పెట్టిన పరీక్ష కాదు, మన ఇళ్ళలో మగపిల్లాడి గురించీ ఆడపిల్ల గురించీ అనుకునేదే దాని మెడకి తగిలించాం. నిజానికి పిల్లల్ని కాపాడుకుంటూ గద్ద మీదకి దూకే పెట్టని చూసినవాళ్ళెవరూ పెట్ట ఊరుకుంటుందనరు.

జవాబు (బెంగుళూరు)

మాస్టారి మాట వినడానికి బాగుంది గానీ నిలవదండీ. తమిళంలో కోడిపెట్ట "పెట్టై కోళి". గుడ్డు పెట్టడాన్ని మాత్రం వాళ్ళు "ముట్టై ఇడు" అంటారు, అక్కడ "పెట్టు" ఊసే లేదు. పైగా పెట్టై అన్నమాట వాళ్ళు ఆడ గాడిదకి కూడా వాడతారు, అదేం గుడ్లు పెట్టదు కదా. ఇది ఆడది అనే అర్థం ఉన్న పాత ద్రావిడ మాట. మన "పెంటి", తమిళ "పెణ్", కన్నడ "హేంటె" అన్నీ ఆ కుటుంబమే. మలయాళంలో "పిడ". పుంజుకి కన్నడంలో "హుంజ": పాలు హాలు అయినట్టు, పులి హులి అయినట్టు, పుంజు హుంజ అయింది. తమిళులకి మాత్రం పుంజు "సేవల్".

జవాబు (హేచరీలో పని చేసే సభ్యుడు)

మా దగ్గర పుంజు, పెట్ట అనే మాటలే వినపడవు, "మేల్, ఫిమేల్" అంతే. తేలేదాకా ఆగడం కుదరదు, గుడ్ల కోళ్ళ వ్యాపారంలో మేల్‌కి మేత దండగ కాబట్టి. మొదటి రోజే చూసేస్తాం. రెక్క విప్పితే రెండు వరసల ఈకలు కనపడతాయి. కింది వరస పెద్ద ఈకలు పై వరస కంటే పొడుగ్గా ఉంటే ఫిమేల్, రెండూ సమానంగానో, కిందివి పొట్టిగానో ఉంటే మేల్. ఇది అన్ని కోళ్ళకీ పనికిరాదు. తల్లీ తండ్రీ జాతులు దీనికోసమే ఎంచి కలిపితేనే పిల్లల్లో ఆ తేడా వస్తుంది. ఇంట్లో నాటుకోడి పిల్లల మీద రెక్క పరీక్ష చేసి నన్ను తిట్టకండి.

రెండో పద్ధతి జపాన్ వాళ్ళది. పిల్లని బోర్లించి, రెట్ట పిండేసి, ఆసనం లోపల ఆవగింజ కన్నా చిన్న బుడిపె చూడాలి. మసూయి అనే ప్రొఫెసరూ ఆయన తోటివాళ్ళూ దీన్ని కనిపెట్టారు, 1927లో కెనడాలోని ఒట్టావాలో జరిగిన ప్రపంచ పౌల్ట్రీ మహాసభలో బయటి దేశాలకి తెలిసింది. చెయ్యి తిరిగినవాళ్ళు గంటకి వెయ్యి దాకా వేరు చేస్తారు. ఏం చూశావని అడిగితే నోటితో చెప్పలేరు. ఊళ్ళలో సైకిల్ మీద గులాబీ, పచ్చ రంగులు పూసి అమ్మే పిల్లలుంటాయే, చాలావరకు ఇలా ఏరేసిన మేల్సే. పెట్టలవుతాయని కొనుక్కుని, అన్నీ పుంజులే తేలాయని ఏడ్చేవాళ్ళు అందుకే అంతమంది.

జవాబు (కరీంనగర్)

గోదారోళ్ళను ఒకటి అడగాలె. మీ పందేల దగ్గర "పెట్టమారు" అంటరు కదా, అదేంది?

జవాబు (పశ్చిమ గోదావరి)

అది తేలీ తేలనట్టుండే పుంజు. జుట్టు ఉంటుంది, కూస్తుంది, పోట్లాడుతుంది. ఈకలు మాత్రం పెట్టవే, కొసలు గుండ్రంగా, తోకలో కొడవలి ఈక లేకుండా. ఎదటి పుంజు దాన్ని పెట్ట అనుకుని ఏమరుపాటుగా ఉంటుందని పందెగాళ్ళ ముచ్చట. ఇంగ్లండువాళ్ళ సీబ్రైట్ జాతిలో పుంజులన్నీ ఇలాగే ఉంటాయి. మగ హార్మోను చర్మంలోకొచ్చేసరికి ఆడ హార్మోనుగా మారిపోవడం దీనికి కారణం.

దీనికి ఎదురుది కూడా ఉంది. పెట్టకి ఎడమ పక్క అండాశయమే పని చేస్తుంది. ముసలితనంలోనో జబ్బు చేసో అది పాడైతే జుట్టు పెరిగి, పుంజు ఈకలు దిగి, కూత కూడా మొదలెడుతుంది. మనవాళ్ళు పెట్ట కూసింది, ఇంటికి అరిష్టం అని ఆ పూటే కూర వండేస్తారు. ఈ రకానికి పెట్టమారు లాంటి పేరు మా వైపు నేను వినలేదు. ఎవరి ఊళ్ళోనైనా ఉంటే రాయండి.