ఇంటర్‌తో ఆగిన పిల్లలకి దూరవిద్యలో డిగ్రీ: ఉదయగిరి వైపు నుంచి ఎలా?

మెట్టపొలం:
ఉదయగిరి, సీతారామపురం మండలాల్లో ఇంటర్‌తో చదువు ఆపేసిన పిల్లలు ఎనిమిది మంది ఉన్నారు. కొందరు కూలికి పోతున్నారు, ఇద్దరు నెల్లూరులో షాపుల్లో ఉన్నారు, ముగ్గురు ఆడపిల్లలు ఇంటిపట్టునే. రోజూ కాలేజీకి పోయే వీల్లేదు కాబట్టి ఇగ్నోలో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) చేరదామంటున్నారు. ఆ డిగ్రీ గవర్నమెంటు ఉద్యోగాలకి చెల్లుతుందా? యాడ మొదలుపెట్టాల? అందరూ తెలుగు మీడియమే. ఒకడికి ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ పోయాయి.

పెన్నాఒడ్డు:
చెల్లుతుంది. గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ, కాలేజీలో చదివిన డిగ్రీతో సమానమని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2020 నిబంధనల్లోనే ఉంది. అయితే గుర్తింపు యూనివర్సిటీకి గంపగుత్తగా రాదు, ఏ కోర్సుకి ఆ కోర్సుకే ఇస్తారు. ఈ ఏడాది ఉన్నది వచ్చే ఏడాది ఉంటుందని లేదు. డబ్బు కట్టకముందే యూజీసీ దూరవిద్యా బ్యూరో వెబ్‌సైట్లో జాబితా తెరిచి కోర్సు పేరు కళ్లారా చూసుకోండి. "ఏడాదిలో డిగ్రీ, పరీక్ష సంగతి మేం చూసుకుంటాం" అనే బోర్డుల జోలికి పోవద్దు. స్టడీ సెంటర్లని ఫ్రాంచైజీకి ఇవ్వడమే నిషేధం. ఇంజనీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, లా, అగ్రికల్చర్ దూరవిద్యలో ఉన్నాయని ఎవరన్నా చెబితే అది మోసమే.

ఇక మొదటి అడుగు అప్లికేషన్ కాదు, ఆధార్. డిజిలాకర్‌ యాప్‌లో 12 అంకెల ఏబీసీ ఐడీ (చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు) తీయాలి, దాంతో యూజీసీ సైట్లో డెబ్ ఐడీ (దూరవిద్యా బ్యూరో ఇచ్చే నంబరు) తీయాలి. ఇది లేకుండా ఇప్పుడు దూరవిద్యలో చేరలేరు. మనవాళ్లకి ఇక్కడే తగులుతుంది: టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటుంది. పుట్టిన తేదీ ఒక్క రోజు తేడా ఉన్నా చిక్కే. టెన్త్ మెమో చూపించి ఆధార్‌నే సరిచేయించండి, మెమో మార్చడం కష్టం. ఓటీపీ ఆధార్‌కి లింకైన నంబరుకే వస్తుంది. ఆడపిల్లల ఆధార్‌కి చాలాసార్లు నాన్నదో అన్నదో నంబరుంటుంది. ముందు అది మార్పించండి.

కావలి_బ్యాచ్:
చేరడం సులువేనన్నా. జనవరి, జులై, ఏడాదికి రెండుసార్లు అడ్మిషన్లుంటాయి. జారిపోయేదంతా తర్వాతే.

మొదటిది, అసైన్‌మెంట్, అంటే ఇంటి దగ్గర జవాబులు రాసి ఇచ్చేది. ఇగ్నోలో ఎక్కువ పేపర్లకి మార్కుల్లో 30 శాతం అసైన్‌మెంట్‌కి, 70 శాతం పరీక్షకి. డిగ్రీలో రెండింట్లోనూ విడివిడిగా 35 శాతం రావాలి. పరీక్షలో 60 వచ్చినా అసైన్‌మెంట్ ఇవ్వకపోతే ఆ పేపరు పూర్తికానట్టే చూపిస్తుంది. ఫలితాలు చూసి "నా మార్కులు ఎవరో మింగేశారు" అని గోలపెట్టేవాళ్లలో సగం మంది సంగతి ఇదే.

అసైన్‌మెంట్ చేత్తోనే రాయాలి. ఆ సెషన్ ప్రశ్నపత్రం దించుకోండి, పోయినేటి ప్రశ్నలకి రాస్తే తీసుకోరు. పై పేజీలో ఎన్‌రోల్‌మెంట్ నంబరు, కోర్సు కోడ్, స్టడీ సెంటర్ కోడ్ మూడూ ఉండాలి. ఒక్క పేపరుది ఒక్క కట్టగా విడిగా కుట్టండి. అన్నీ కలిపి ఒకే కట్టగా ఇస్తే లోపలివి ఎక్కించకుండా వదిలేస్తారు. ఇచ్చే ముందు ప్రతి పేజీ ఫోన్లో ఫొటో తీసుకోండి, రసీదు తీసుకోండి. ఎనిమిది మందీ ఒక్కడి కాయితాలు చూసి ఎక్కిస్తే ఎనిమిదీ తిరస్కరిస్తారు, జాగ్రత్త.

రెండోది, పరీక్ష ఫారం. చేరేప్పుడు కట్టిన ఫీజులో పరీక్ష ఫీజు ఉండదు. జూన్‌కో డిసెంబరుకో ఆన్‌లైన్లో ఫారం నింపి, పేపరుకి 200 రూపాయలు విడిగా కట్టాలి. హాల్‌టికెట్ పోస్టులో రాదు, సైట్లోంచే తీసుకోవాలి.

మూడోది, రెండో ఏడాదికి రీ-రిజిస్ట్రేషన్. మొదటి ఏడాది పరీక్షలు రాయకపోయినా ఇది చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. మూడేళ్ల డిగ్రీకి గడువు ఆరేళ్లు. కాబట్టి పేపర్లు మిగిలినా కొంప మునగదు, రీ-రిజిస్ట్రేషన్ మరిచిపోతేనే తర్వాతి విడత దాకా ఆగాలి.

చీరాల_అక్క:
తెలుగు మీడియం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఇగ్నో డిగ్రీ పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటాయి. ఇగ్నో వాళ్ల ఈజ్ఞానకోశ్ వెబ్‌సైట్లో ఆ పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. చేరకముందే ఒక యూనిట్ దించి పిల్లలతో చదివించండి. పది పేజీలు కూడబలుక్కుని అయినా అర్థమైతే చేర్చండి. బొత్తిగా కాకపోతే తిరుపతి ఎస్వీయూ, నాగార్జున యూనివర్సిటీల దూరవిద్యలో తెలుగు మీడియం కోర్సు ఆ ఏడాది గుర్తింపు జాబితాలో ఉందేమో చూడండి.

ఇంటర్ పోయిన పిల్లాడికి రెండే సబ్జెక్టులు కాబట్టి సప్లిమెంటరీ రాయడమే దగ్గర దారి. ఫిజిక్స్ అంటే వణుకైతే ఎన్ఐఓఎస్‌కి (జాతీయ ఓపెన్ స్కూల్ బోర్డు) మారొచ్చు. పాసైన రెండు సబ్జెక్టుల మార్కులు అక్కడికి బదిలీ అవుతాయి, అంతకంటే ఎక్కువ తీసుకోరు. అక్కడ మొత్తం ఐదు సబ్జెక్టులు, మిగతా మూడు కొత్తవి రాయాలి. ఇంటర్ పాసు కాకుండా నేరుగా డిగ్రీలో చేర్చుకుంటామంటే నమ్మొద్దు.

డబ్బు లెక్క కూడా ముందే వేసుకోండి. జ్ఞానభూమి ఫీజు రీయింబర్స్‌మెంట్ దూరవిద్యకి రాదు.

మెట్టపొలం:
వివరంగా చెప్పారు, అక్కా. సైన్స్ పిల్లలు బీఎస్సీయే కావాలంటున్నారు. పరీక్షలు జూనా, డిసెంబరా, ఏది మేలు?

కావలి_బ్యాచ్:
బీఎస్సీకి ల్యాబులుంటాయి, హాజరు తప్పనిసరి. ఆ సెంటర్ ఎంత దూరమో చూసుకోకుండా చేరితే బస్సు ఛార్జీలకే కూలి డబ్బులు సరిపోతాయి. ఇంటర్ సైన్స్ చదివినా బీఏ, బీకాంలో చేరొచ్చు.

పరీక్షలకి జూనే మేలు. డిసెంబరు అంటే మనకి వాయుగుండాల కాలం, డెల్టాలో నాట్లకి పోయేవాళ్లకి చేతినిండా పని. బరువైన పేపర్లు జూన్‌కి పెట్టి, డిసెంబరుకి ఒకటో రెండో ఉంచండి. 6 క్రెడిట్ల పేపరంటే 180 గంటల చదువు. రోజుకి గంటన్నర కూర్చున్నా నాలుగు నెలలు. పనికిపోయే పిల్లాడు ఒక్కసారే నాలుగు పేపర్లకి ఫీజు కడితే రెండింటి డబ్బు నీళ్లపాలే.