డిపెండెన్సీ: ఆధారమా, ఆధారితమా?

లినక్స్‌లో అక్కర్లేని ప్యాకేజీలు తీసేయడం గురించి తెలుగులో గైడ్ రాస్తున్నాను. ప్రోగ్రాం తీసేశాక దాని కోసం వచ్చిన లైబ్రరీలు (ప్రోగ్రాములు వాడుకునే ఉమ్మడి కోడ్) అలాగే ఉండిపోతాయి కదా, వాటిని 'మిగిలిపోయిన ఆధారితాలు' అన్నాను. మాట తిరగబడిందని ఒకాయన అంటున్నారు. 'ఆర్ఫన్'కి 'అనాథ' అని పెట్టాను. ఏమంటారు?

— ఆయన అన్నది నిజమేనండీ. వీడియో ప్లేయరు ఫలానా లైబ్రరీ లేనిదే నడవదు. అంటే ప్లేయరు ఆధారితం, లైబ్రరీ ఆధారం. డిపెండెన్సీ అంటున్నది ఆ లైబ్రరీనే. పాత్ర నేతికి ఆధారమా, నెయ్యి పాత్రకి ఆధారమా అని ఒంపి చూసిన తార్కికుడి కథ ఉండనే ఉంది. మనకి ఒంపే పని కూడా లేదు. డెబియన్, ఉబుంటు లాంటి లినక్స్‌లలో ప్యాకేజీలు వేసి, తీసే సాధనం 'ఆప్ట్' ఉంది కదా, 'ఆప్ట్ డిపెండ్స్' అని ప్యాకేజీ పేరుతో కొడితే ఆధారాలు చూపిస్తుంది, 'ఆప్ట్ ఆర్‌డిపెండ్స్' అంటే ఆధారితాలు.

— ఆధారితం కన్నా 'ఆధేయం' శాస్త్రీయం కదా?

— శాస్త్రీయమే, కానీ గైడుతో పాటు నిఘంటువు కూడా ఇవ్వాల్సొస్తుంది!

— 'అనాథ' దగ్గర ఇంకో చిక్కుంది. డెబియన్‌లో ఆర్ఫన్ అంటే మెయింటెయినర్, అంటే దాని బాగోగులు చూసే మనిషి, వదిలేసిన ప్యాకేజీ. అది మీ మెషీన్లో భేషుగ్గా పనిచేస్తూ ఉండొచ్చు. ఆర్చ్ లినక్స్‌లో ప్యాకేజీ సాధనం 'పాక్‌మన్' వాడేవాళ్లు ఆర్ఫన్ అనేది వేరే దాన్ని: ఇంకోదాని కోసం వచ్చి, ఇప్పుడు దేనికీ అక్కర్లేకుండా ఉన్నది. చూసుకునే నాథుడు లేనిది మొదటిదే కాబట్టి 'అనాథ' దానికి వదిలేయండి. రెండోదాన్ని 'అక్కర తీరినవి' అంటే చాలు.

— అక్కర తీరిందని ఎవరు చెప్పాలి? ఆప్ట్ ప్రతి ప్యాకేజీకీ ఒక గుర్తు పెట్టుకుంటుంది: మనం అడిగి వేయించుకున్నదా, తోడుగా వచ్చిందా అని. తోడుగా వచ్చినదాన్ని ఇంకే ప్యాకేజీ అడగకపోతే 'ఆటోరిమూవ్' జాబితాలో పడేస్తుంది. ఆప్ట్‌తో కాకుండా మీరే సోర్సు కోడ్ నుంచి కంపైల్ చేసుకున్న ప్రోగ్రాం అదే లైబ్రరీని వాడుతున్నా ఆప్ట్‌కి ఆ సంగతి తెలియదు. జాబితా చదవకుండా 'వై' నొక్కితే మర్నాడు ఆ ప్రోగ్రాం తెరుచుకోదు, ఎందుకో అర్థం కాక ఒకటే టెన్షన్. ముందే 'ఆప్ట్-మార్క్ మాన్యువల్' అని ఆ లైబ్రరీ పేరు ఇస్తే దాని జోలికి రాదు. అందుకే నేనైతే 'ఆప్ట్ లెక్కలో అక్కర తీరినవి' అని రాస్తాను. పొడుగే, కానీ అబద్ధం కాదు.

— ఒప్పుకున్నాను, అలాగే రాస్తాను. ఆప్ట్‌లో 'పర్జ్' అనే ఆదేశానికి 'సమూలంగా తీసేయడం' బాగుంటుందా?

— వద్దండీ. 'రిమూవ్' సిస్టమ్ సెట్టింగుల ఫైళ్లు ఉంచేస్తుంది, 'పర్జ్' వాటినీ తీసేస్తుంది. మీ హోమ్ ఫోల్డర్లో ఆ ప్రోగ్రాం దాచుకున్నవి మాత్రం రెండూ ముట్టుకోవు. మూలం మిగిలే ఉంది కదా! 'సెట్టింగులతో సహా తీసేయడం' అని రాసేయండి.