పెద్ద తరగతుల పిల్లలు బడి జావ ఎందుకు తాగడం లేదు? గేటు ముందు బడ్డీ తీసేస్తే సరిపోతుందా?

జీవశాస్త్రం మాస్టారు, గజపతినగరం
మా హైస్కూలులో మంగళ, గురు, శనివారాల్లో ఉదయం రాగి జావ ఇస్తున్నాం. 2023 మార్చిలో మొదలైంది. ఆరు, ఏడు తరగతుల పిల్లలు గ్లాసులు పట్టుకుని వరసలో నిలబడతారు. తొమ్మిది, పది తరగతుల వాళ్లు దరిదాపులకు రారు. అదే వేళకు గేటు ఎదురుగా ఉన్న బడ్డీ దగ్గర గుంపు కడతారు. అయిదు రూపాయల మసాలా పొట్లం, పది రూపాయల రంగునీళ్ల సీసా. మధ్యాహ్నం గుడ్డు తిని అన్నం సగం పారేస్తారు. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్నవాటిని బడి ఆవరణలోనూ, చుట్టూ 50 మీటర్ల లోపలా అమ్మకూడదని జాతీయ ఆహార భద్రత సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. దాన్ని అమలు చేయమని పంచాయతీకి అర్జీ పెడదామనుకుంటున్నాను. మీరేమంటారు?

పలాస అమ్మ
అర్జీ పెట్టండి మాస్టారూ, నేను కాదనను. కానీ మా అమ్మాయి సంగతి కూడా వినండి. పదో తరగతి. నేను జీడిపప్పు పనికి ఆరింటికే వెళ్లిపోతాను. రాత్రి అన్నం మిగిలితే చద్దన్నం తింటుంది, లేకపోతే టీ తాగి ఏడున్నర బస్సు ఎక్కుతుంది. బడిలో అడుగు పెట్టేసరికి కడుపు కాలుతూ ఉంటుంది. చేతిలో ఉన్న పది రూపాయలకు ఆ వేళకు దొరికేది ఆ పొట్లమే. బడ్డీ తీసేస్తే ఆకలి పోతుందా? తమిళనాడులో 2022 నుంచి ప్రాథమిక బడుల్లో ఉదయం టిఫిన్ పెడుతున్నారు. మనం అడగాల్సింది అది. అదీ హైస్కూలు పిల్లలకు.

చీపురుపల్లి నాన్న
అన్నీ బడి మీదే వేస్తే ఎలాగండీ? పొద్దున పిల్లల కడుపు చూసుకోవడం ఇంటి బాధ్యత. మాస్టార్లు పాఠం చెప్పాలా, గ్లాసులు లెక్కపెట్టాలా? మా అబ్బాయి అయితే "అది చిన్నపిల్లల జావ" అంటాడు. పద్నాలుగేళ్ల వాడికి బలవంతంగా తాగించలేం. బడ్డీ తీయించడమే మన చేతిలో ఉన్న పని.

టెక్కలి ఏఎన్ఎం (ఊళ్లో ఆరోగ్య కార్యకర్తను)
ఇది ఇంటి బాధ్యతే. కాదనను. కానీ ఆ అమ్మ ఆరింటికే పనికి పోతున్నారు కదా. నన్ను ఆపింది ఆ టీ మాట. దేశం మొత్తం మీద 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతానికి, అబ్బాయిల్లో 31.1 శాతానికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అందుకే వారానికొకసారి బడిలో నీలం మాత్ర ఇస్తాం. అందులో ఇనుము 60 మిల్లీగ్రాములు. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. ఒకసారి వాంతి చేసుకున్న పిల్ల మరుసటి వారం మాత్రను గుప్పిట్లో దాచి కిటికీలోంచి విసిరేస్తుంది. నేను కళ్లారా చూశాను. పైగా టీ తాగితే తిన్నదానిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. జామ, ఉసిరి, నిమ్మ తోడైతే బాగా పడుతుంది. బడ్డీ ఉన్నా లేకపోయినా, ముందు పొద్దున్నే వాళ్ల కడుపులో ఏదో ఒకటి పడాలి.

వంటామె కొడుకు, విజయనగరం
మా అమ్మ బడిలో వండుతుంది. గౌరవ వేతనం నెలకు 3,000. టిఫిన్ కూడా పెట్టాలంటున్నారు, తప్పులేదు. కానీ ఎవరు వండాలి, ఏ డబ్బుతో? ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల మధ్యాహ్న భోజనానికి కేంద్రం లెక్క 2025 మే నుంచి రోజుకు 10 రూపాయల 17 పైసలు, బియ్యం కాకుండా. 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, ఏడున్నర గ్రాముల నూనె అందులోనే రావాలి.

జావ సంగతి వేరు. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చోడి (రాగి) అంబలి తెలియని ఇల్లు ఉందా? మజ్జిగ, ఉప్పు కలిపి, ఉల్లిపాయ నంజుకుని తాగుతాం. బడిలో ఇచ్చేది బెల్లం వేసిన తీపి జావ. పెద్ద పిల్లలకు పొద్దున్నే తీపి ఎక్కదు. చల్లారితే గడ్డకడుతుంది కూడా. ఒకరోజు అమ్మ బెల్లం కలపకముందే కొంత పక్కకు తీసి, మా ఇంటి మజ్జిగ పోసి పదో తరగతి వాళ్లకు ఇచ్చింది. గిన్నె ఖాళీ! మరుసటి వారం వాళ్లే వచ్చి అడిగారు. రోజూ ఇంటి నుంచి మజ్జిగ తేలేం కదా, ఆగిపోయింది.

ఎస్.కోట రైతు
విజయనగరం పరిశోధన కేంద్రం ఇచ్చిన చోడి రకాలకు చంపావతి, గోస్తని అని మన నదుల పేర్లే పెట్టారు. వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఇంత మంచి తిండి పిల్లలకు పరాయిదైపోతోందంటే బాధగా ఉంది. గ్లాసుకు 50 మిల్లీలీటర్ల మజ్జిగ అనుకుంటే 90 మందికి నాలుగున్నర లీటర్లు. గేదెలున్న ఇళ్లు నాలుగు ఒప్పుకుంటే చాలు. నా వంతు నేను పోస్తాను.

జీవశాస్త్రం మాస్టారు, గజపతినగరం
నేను నాలుగు నెలలుగా గేటు వైపే చూస్తున్నాను, గిన్నెలోకి చూడలేదు. తమ్ముడూ, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు.

అర్జీ మాత్రం ఆపను. నిబంధన ఉన్నది పిల్లల కోసమే. అయితే ముందు బడ్డీ ఆవిడతో మాట్లాడతాను. ఉడకబెట్టిన వేరుశనగ, జామకాయలు అమ్మితే ఆమె పొట్ట మీద కొట్టినట్టు కాదు. గురువారం బెల్లం లేని అంబలి వేరే గిన్నెలో పెట్టిస్తాం. గరిటె పదో తరగతి వాళ్లకే ఇస్తాం. నీలం మాత్ర అది తాగాకే. మిగతా మూడు రోజులూ చిక్కీ ఉంది కానీ మా బడిలో మధ్యాహ్నం ఇస్తున్నాం. దాన్ని ఉదయమే ఇవ్వవచ్చా అని మా ప్రధానోపాధ్యాయురాలిని అడుగుతాను.

పలాస అమ్మ
మా అమ్మాయి బడిలోనూ అడగాలి మాస్టారూ. చిక్కీ పొద్దున్నే ఇచ్చి, అక్కడే తినమని చెప్పాలి. ఇప్పుడది సంచిలో దాచుకుని సాయంత్రం తమ్ముడికి తెస్తోంది.