చేతితో వేస్తే 2, సాఫ్ట్‌వేర్‌లో 5: నా సీక్వెన్స్ అలైన్‌మెంట్‌లో తప్పెక్కడ ఉంది?

తార్నాక విద్యార్థిని, రాత్రి 1:40
సాయంత్రం ఏడు గంటల నుంచి ఈ ఒక్క పట్టికతోనే కూర్చున్నాను, హాస్టల్ మెస్ కూడా మూసేశారు. రెండు చిన్న డీఎన్ఏ వరుసలను నీడిల్‌మన్-వున్ష్ పద్ధతిలో, అంటే మొదటి నుంచి చివరి దాకా ఒకదాని కింద ఒకటి అక్షరాలు కలిసేలా, అవసరమైన చోట ఖాళీ (–) వదిలి, చేతితో అమర్చి, సాఫ్ట్‌వేర్‌తో సరిచూసి, ల్యాబ్ రికార్డులో రాయమన్నారు. నేను నాలుగుసార్లు మొదటి నుంచి వేశాను. నాలుగుసార్లూ ఇదే వచ్చింది.

ఎ సి జి టి సి ఎ
ఎ – జి – సి ఎ

సాఫ్ట్‌వేర్ మాత్రం ఇలా ఇచ్చింది.

ఎ సి జి టి సి ఎ – – –
– – – – – ఎ జి సి ఎ

నా దానిలో హోమాలజీ 66 శాతం ఉంది, అక్కడ 11 శాతమే. అయినా నా స్కోరు 2, దాని స్కోరు 5. నాలుగు అక్షరాలు చక్కగా కలుస్తుంటే ఒక్క అక్షరంతో సరిపెట్టుకోవడం ఏమిటి? సాఫ్ట్‌వేర్ పాడైందా? ఉదయం పదింటికి రికార్డు చూపించాలి.

హబ్సిగూడ, 1:52
ఏ సాఫ్ట్‌వేర్? అక్షరం కలిస్తే ఎంత, కలవకపోతే ఎంత, ఖాళీకి ఎంత? ఎన్నింటికో చెప్పకుండా మార్కులు మాత్రం చెబితే ఎలా?

పరిభాషాప్రియుడు, 2:05
అసలు ప్రశ్నకు ముందు ఒక మాట సరిచేసుకోవలసి ఉంది. 66 శాతం అన్నది ఐడెంటిటీ, అంటే ఆరు నిలువు వరుసల్లో నాలుగింట ఒకే అక్షరం ఉండటం. హోమాలజీ అంటే రెండు వరుసలు ఒకే పూర్వరూపం నుంచి వచ్చాయన్న నిర్ణయం. ఆ సంబంధం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు, దానికి శాతం ఉండదు. ఇద్దరు అక్కచెల్లెళ్ల ముఖాలు ఎంత పోలి ఉన్నాయో చెప్పవచ్చు కానీ, వారు ఎంత శాతం అక్కచెల్లెళ్లో ఎవరూ చెప్పరు. రికార్డులో దయచేసి ఆ మాట రాయకండి.

నల్లకుంట రిటైర్డ్ లెక్చరర్, 5:20
అమ్మా, నీడిల్‌మన్, వున్ష్ 1970లో ఈ పద్ధతిని ప్రకటించినప్పుడు వారి దృష్టి ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాల వరుసల మీదే ఉంది. మేము గ్రాఫు కాగితం మీద హిమోగ్లోబిన్ ఆల్ఫా గొలుసులోని 141 అమైనో ఆమ్లాలను, బీటా గొలుసులోని 146ను ఎదురెదురుగా పెట్టి చూసేవాళ్లం. ఐదు తేడా ఉంది కనుక ఖాళీలు ఎక్కడ పడతాయో వెతకడంలోనే పాఠమంతా ఉండేది. ఈ తరం మీట నొక్కి, వచ్చినదాన్ని నమ్మేస్తుంది. నా అనుమానం, మీరు తెలియక 1981 నాటి స్మిత్-వాటర్‌మన్ పద్ధతిని నడిపి ఉంటారు. అది వరుసలను మొత్తంగా అమర్చదు, బాగా కలిసిన ముక్కను మాత్రమే ఏరి చూపుతుంది.

హబ్సిగూడ, 6:48
అది కాదు సార్. స్మిత్-వాటర్‌మన్ అయితే చివరి సి, ఎ రెండూ దొరికేవి.

తార్నాక విద్యార్థిని, 7:15
కలిస్తే 1, కలవకపోతే −1, ఖాళీకి −1. అందరూ తీసుకునేవి ఇవే కదా అని రాయలేదు. సాఫ్ట్‌వేర్ ఎంబాస్ అనే ప్యాకేజీలో ఈ పద్ధతిని నడిపే నీడిల్ ప్రోగ్రాం, అందులో నేనేమీ మార్చలేదు.

ఉప్పల్ రోడ్డు, 7:40
ఏమీ మార్చకపోవడమే కారణం అండీ. ఆ ప్రోగ్రాం డీఎన్ఏకు తనంతట తాను తీసుకునే పట్టికలో అక్షరం కలిస్తే 5, కలవకపోతే −4. ఖాళీని తెరవడానికి 10, ఆ ఖాళీలో తర్వాతి ప్రతి అక్షరానికి 0.5 కోత పడుతుంది. ఆ లెక్కన మీ అమరికకు నాలుగు ఐదులు ఇరవై వచ్చి, విడివిడిగా తెరిచిన రెండు ఖాళీలకు ఇరవై పోయి, సున్నా మిగిలింది. ఖాళీలను ఒకచోట చేర్చి ఎ జి – – సి ఎ అని పెడితే మూడు జతలకు 15, సి కింద పడిన జికి −4, ఖాళీకి −10.5, అంటే 0.5. చూడటానికి మీది అందంగా ఉన్నా, లెక్కలో ఇదే మెరుగు. ఇక అసలు కిటుకు ఏమిటంటే, వరుసల కొసల్లో వచ్చే ఖాళీలకు ఆ ప్రోగ్రాం మామూలుగా కోత వేయదు. అందుకే రెండు వరుసలను పక్కకు జరిపి, ఒక్క ఎను కలిపి, ఏ నష్టమూ లేకుండా 5 దక్కించుకుంది. మొదటి వరుస మొదటి ఎ కింద రెండవ వరుస చివరి ఎ పెట్టినా అదే 5 వస్తుంది. ముక్కలుగా చదివిన డీఎన్ఏలో ఒకదాని కొస మరొకదాని కొస మీదకు రావడం మామూలు కనుక ఈ ఏర్పాటు ఉంది. ఆరు అక్షరాల వరుసకు మాత్రం ఇలా వింతగా కనిపిస్తుంది.

ఖాళీ తెరవడానికి ఎక్కువ, పొడిగించడానికి తక్కువ ఎందుకంటే, ఒకే మార్పులో అనేక అక్షరాలు ఒక్కసారిగా పోవచ్చు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య వ్యాధి ఉన్న రోగుల్లో ఎక్కువగా కనిపించే మార్పులో మూడు డీఎన్ఏ అక్షరాలు ఒకేసారి పోయి, ప్రోటీన్‌లో 508వ స్థానంలోని ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం లేకుండా పోతుంది. దాన్ని మూడు వేర్వేరు సంఘటనలుగా లెక్కిస్తే జీవశాస్త్రానికి అన్యాయం జరుగుతుంది. ఈ రెండు రకాల కోతను వేగంగా లెక్కించే పద్ధతిని గోతో అనే శాస్త్రవేత్త 1982లో ఇచ్చారు.

మీకు 2 రావాలంటే 1, −1 ఉన్న పట్టికను విడిగా ఇచ్చి, తెరవడానికీ పొడిగించడానికీ 1 చొప్పున పెట్టి, కొసల కోతను కూడా అమలు చేసి, దానికీ 1 చొప్పునే ఇవ్వండి.

పరిభాషాప్రియుడు, 8:02
వివరణ బాగుంది. కానీ పెనాల్టీని ‘కోత’ అనడం సరికాదు, కోత అంటే పంట కోత గుర్తుకొస్తుంది. ‘జరిమానా’ అనవచ్చు.

హబ్సిగూడ, 8:04
జరిమానా ట్రాఫిక్ పోలీసులకు వదిలేయండి. జీతంలో కోత అన్నప్పుడు ఎవరికైనా పంట గుర్తుకొచ్చిందా?

నల్లకుంట రిటైర్డ్ లెక్చరర్, 8:30
మా కాలంలో పెనాల్టీ అనే అనేవాళ్లం, అందరికీ అర్థమయ్యేది. అమ్మా, చేతి పట్టికలో మొదటి అడ్డు వరుసను సున్నా, −1, −2 అని నింపారా, అన్నీ సున్నాలే పెట్టారా? కొసల కోత అక్కడే తేలిపోతుంది.

తార్నాక విద్యార్థిని, 9:35
2 వచ్చింది. బస్సులో ఉన్నాను, అందరికీ ధన్యవాదాలు.

ఉప్పల్ రోడ్డు, 9:50
పట్టిక మార్చాక వచ్చిందా, కొసల కోత పెట్టాక వచ్చిందా చెప్పండి. పోయిన వారం ఇంకొకరు ఇదే అడిగారు.