మైటోకాండ్రియా లేని ఎర్ర రక్త కణం 120 రోజులు ఎలా బతుకుతుంది?

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ. నిన్న రాత్రి తను అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పలేకపోయాను. నేను చదివింది కామర్స్. తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

మనిషి ఎర్ర రక్త కణం ఎముక మజ్జలో తయారవుతూనే కేంద్రకాన్ని వదిలేస్తుంది. పూర్తిగా పరిపక్వమయ్యేసరికి మైటోకాండ్రియా (కణానికి శక్తిని తయారుచేసే భాగాలు), రైబోజోములు (ప్రోటీన్లు తయారుచేసే భాగాలు) కూడా ఉండవు. అయినా దాదాపు 120 రోజులు బతుకుతుంది. శక్తి సంగతి వరకు పుస్తకంలో దొరికింది: ఆక్సిజన్ అవసరం లేకుండానే గ్లూకోజ్‌ను విడగొట్టి, ఒక్కో గ్లూకోజ్ అణువు నుంచి నికరంగా 2 ఏటీపీలు (కణం శక్తి కోసం వాడుకునే అణువులు) సంపాదించుకుంటుంది. తను మోసే ఆక్సిజన్‌ను తనే ఖర్చు చేసుకోదన్నమాట. ఇది చదివి ఇద్దరం చాలా ఆశ్చర్యపోయాం.

చిక్కంతా ఇక్కడే. రైబోజోములు లేకపోతే కొత్త ప్రోటీన్లు తయారు కావు కదా? తనకంటే సన్నటి కేశనాళికల్లో నలుగుతూ తిరిగే కణం, పాడైన ప్రోటీన్లను ఏం చేస్తుంది? మొదట్లో ఉన్నవాటితోనే చివరిదాకా నెట్టుకొస్తుందా?

ఇంకొకటి. కప్పల్లో, పక్షుల్లో ఈ కణాలకు కేంద్రకం ఉంటుంది. మనకు లేనిది ఆక్సిజన్‌ను మోసే ప్రోటీన్ హీమోగ్లోబిన్‌కు చోటు కోసమేనా, వేరే కారణం ఉందా?

"బట్టీ పట్టు, మార్కులొస్తాయి" అని తనతో అనడం నాకిష్టం లేదు. జువాలజీ చెప్పేవాళ్లు, మెడిసిన్ చదివేవాళ్లు ఎవరైనా వివరంగా రాస్తే తనకు చదివి వినిపిస్తాను.