మార్కుల మెసేజ్ అంటేనే మా వాడు అన్నం ముందునుంచి లేచిపోతన్నాడు, ఎక్కడ తప్పు చేస్తన్నాం?

ఒంగోలు_అమ్మ:
అందరికీ నమస్కారం. మా బాబు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటన్నాడు. టెన్త్‌లో 600కి 571 వచ్చినయ్, అప్పుడే మేం ఐఐటీ అనుకున్నాం, వాడూ సరే అన్నాడు. వారం వారం టెస్టు మార్కులు కాలేజీ వాళ్లు మా ఆయన ఫోనుకి పంపుతారు. దసరా సెలవలకి వచ్చాడు కదా, మొన్న రాత్రి అందరం తింటంటే ఫోను టింగుమంది. వాడు కలిపిన ముద్ద చేతిలోనే పట్టుకుని వాళ్ల నాన్న మొహం వంకే చూస్తా ఉండిపోయాడు. తీరా చూస్తే అది కరెంటు బిల్లు మెసేజ్. అయినా వాడు ఇక తినలేదు, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

నిజంగా చెప్తన్నా, ఇప్పటిదాకా వాణ్ణి కొట్టలేదు తిట్టలేదు, "ఈ రెండేళ్లు కష్టపడు నాన్నా, తర్వాత జీవితమంతా హాయిగా ఉండొచ్చు" అంటాం అంతే. ఆగస్టులో పై సెక్షన్ నుంచి కిందికి దించారంట, అదీ మాకు చెప్పలేదు, బట్టలు సర్దుతా నోట్సు మీద వేరే సెక్షన్ పేరు చూసి అడిగితే చెప్పాడు. నిన్న వాళ్ల చెల్లితో "నేను లేకపోతే నా ఫీజు డబ్బులన్నీ నీకే" అన్నాడంట, నవ్వుతానే. శనివారం మళ్లీ దింపి రావాలి. పంపాలా వద్దా? పిల్లల మీద ఆశ పెట్టుకోవడమే తప్పా?

ఓరుగల్లు_2019:
అక్కా, మిగతాయన్నీ తర్వాత, ముందు ఆ ఆఖరి మాట. నవ్వుకుంట అన్నా సరే తేలిగ్గ తీస్కోకు. ఇయ్యాల్నే పక్కన కూసొని "చచ్చిపోవాలె అనిపిస్తుందా నాన్నా" అని నేరుగ అడుగు. అడిగితే లేని ఆలోచన పుడ్తదని మస్తుమంది భయపడ్తరు, అట్ల పుట్టదు. రాత్రిపూట ఒక్కణ్ణే పండనియ్యకు, ఇంట్ల పురుగుల మందు, ఎక్కువ గోలీలు ఉంటే తీసెయ్. 14416 టెలీమానస్, మనసు బాగలేనోళ్లు ఫోన్ చేసి మాట్లాడే లైను, గవర్నమెంటుది, పైసలు తీసుకోరు, అర్ధరాత్రి అయినా తెలుగుల మాట్లాడొచ్చు. శనివారం హాస్టల్ కాదు, సైకియాట్రిస్ట్ దగ్గరికి తోల్కపో.

నేను 2019 తెలంగాణ ఇంటర్ బ్యాచ్. ఆ ఏడాది రిజల్ట్‌ల తప్పులు ఒక అమ్మాయికి తెలుగుల సున్నా ఏసి మళ్ల 99 అని దిద్దేదాక పోయినయ్, 20 మందికి పైగ పిల్లలు పానాలు తీస్కున్నరు. నేను ఫెయిల్ కాలే, అనుకున్నన్ని రాలే అంతే. మా బాపు ఒక్క మాట గూడ అనలే. అనకుంటనే రెండు దినాలు నాతోని మాట్లాడలే. తిట్టినా బాగుండు అనుకున్న అప్పుడు. నువ్వు "తిట్టలేదు" అని రాసినవ్ కద, అది చదివి ఇదంత రాస్తున్న.

లెక్కల_మాస్టారు:
అమ్మా, పద్నాలుగేళ్లుగా ఇంటర్ పిల్లలకి చెప్తున్నాను. టెన్త్ 571కీ ఇంటర్‌తో కలిపి చెప్పే జేఈఈ (ఐఐటీ ఎంట్రన్స్) లెక్కలకీ మధ్య పెద్ద గండి ఉంటుంది, మంచి పిల్లలు కూడా మొదటి ఆరు నెలలు తడబడతారు, అది బద్ధకం కాదు. దేశం మొత్తం మీద ఐఐటీ సీట్లు 18 వేల చిల్లర, మెయిన్స్ రాసేది 12 లక్షల పైమాటే. ఈ అంకె వాడికి తెలుసు, రోజూ క్లాసులో వింటాడు, ఇంట్లో మాత్రం ఎవరూ దాని గురించి మాట్లాడరు. ఇక సెక్షన్ దించడం అంటారా, విశాఖపట్నంలో కోచింగ్‌లో ఉన్న ఒక అమ్మాయి చనిపోయిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్కులని బట్టి బ్యాచ్‌లు విడదీయొద్దని, అందరి ముందూ అవమానించొద్దని చెప్పింది. కాలేజీ వాళ్లని ఈ మాట గట్టిగా అడగండి.

సైకాలజీ_పీజీ:
ఆశ తప్పా అని అడిగారు కదండీ, దానికి మా సబ్జెక్టులో కొంచెం జవాబుంది. జర్మనీలో బవేరియా పిల్లల్ని ఐదేళ్లపాటు గమనించిన స్టడీ ఒకటి 2016లో వచ్చింది, అందులో అమ్మానాన్నలు ఆశ పెట్టుకుంటే లెక్కల్లో పిల్లలు మెరుగయ్యారు, కానీ వీడికి నిజంగా ఇంత వస్తుందని నమ్మేదానికంటే కోరుకునేది ఎక్కువైన ఇళ్లల్లో వెనకబడ్డారు. మీ ఇంట్లో ఆ రెండింటి మధ్య తేడా ఎంతుందో మీరూ మీవారూ కూర్చుని విడివిడిగా చెప్పుకోండి, బాబు లేనప్పుడు.

అదే ఏడాది హైమోవిట్జ్, డ్వెక్ అని ఇద్దరు ఇంకో సంగతి చూపించారు. తెలివి పెరుగుతుందని పెద్దవాళ్లు మనసులో నమ్ముతారా లేదా అన్నది పిల్లలకి అంతగా తెలియట్లేదు, తప్పినప్పుడు పెద్దవాళ్లు ఎలా ఉంటారన్నదే వాళ్లకి అందుతోంది. అందుకే మీ వాడు ఫోను వంక కాకుండా నాన్న మొహం వంక చూశాడు. "ఈ రెండేళ్లు కష్టపడు" అని మీరు ప్రేమగానే అంటున్నారు, కాదనను, కానీ పదహారేళ్లవాడికి అది "ఈ రెండేళ్లు పోతే అంతా పోయినట్టే" అని వినిపిస్తుంది. ఆ మాట కొన్నాళ్లు ఆపేయండి. మార్కుల మెసేజ్‌లు కూడా ఆపించేయండి. కానీ పైన తమ్ముడు చెప్పినట్టు డాక్టర్ ముందు, ఇవన్నీ తర్వాతే.

ఒంగోలు_అమ్మ:
అందరికీ చాలా థాంక్స్. రాత్రి అడిగాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "రెండుసార్లు అనిపించిందమ్మా" అన్నాడు. అప్పుడే 14416కి చేశాం, పక్కన నన్ను కూర్చోబెట్టుకుని అరగంట మాట్లాడాడు. ఇవాళ పొద్దున డాక్టర్‌కి చూపించాం, వచ్చే వారం మళ్లీ రమ్మన్నారు. మా ఆయన వాడి ముందే ఆ కాలేజీ నంబరు బ్లాక్ చేశాడు, ఏమీ అనలేదు, భుజం మీద చెయ్యేసి పక్కన కూర్చున్నాడు. శనివారం పంపట్లేదు. ఇంటి నుంచే డే స్కాలర్‌గా ఇక్కడ చేర్పిద్దామని ఉంది, కానీ టీసీ అడిగితే మొత్తం ఏడాది ఫీజు కట్టాలంటన్నారు. ఇలాంటిది ఎవరికైనా అయ్యిందా, ఏం చేశారో చెప్పండి.