బోయలా, బోయీలా? శ్రీశ్రీ పాదం, బెక్‌వర్త్ వ్యాసం

ప్రసాద్ (శాక్రమెంటో): మా సంఘం సంచికకి జేమ్స్ బెక్‌వర్త్ మీద వ్యాసం రాస్తున్నాను. వర్జీనియాలో బానిస తల్లికి పుట్టి, బొచ్చు కోసం బీవర్లనే నీటి జంతువుల వేటకు అమెరికా రాకీ పర్వతాలకెళ్ళి, 1850లో కాలిఫోర్నియా వైపు సియెర్రా నెవాడా కొండల్లో బండ్లు దాటే కనుమ కనిపెట్టిన మనిషి. మొదట్లో శ్రీశ్రీ పాదం ఒకటి పెడదామనుకున్నా. ‘ప్రభువెక్కిన పల్లకి కాదోయ్’ వరకు వచ్చి ఆగిపోయింది. తర్వాతది ‘అది మోసిన బోయలెవ్వరు’ అనా, ‘బోయీలెవరు’ అనా? పుస్తకం ఇండియాలో ఉండిపోయింది. ఎవరైనా చూసి చెప్పగలరా? శుక్రవారం ప్రింటింగ్‌కి వెళ్ళాలి.

సుజాత: బోయీలెవ్వరు. దీనికి పుస్తకం తీయాలా అండీ? పదో క్లాసు పిల్లలు కూడా చెబుతారు.

మూర్తి మాస్టారు: పిల్లలు చెప్పేదీ సరైనదీ ఒకటే కానక్కర్లేదమ్మా, అయితే ఇక్కడ ఒకటే. మాత్రలు కట్టి చూడండి. ‘ప్రభువెక్కిన’ ఆరు, ‘పల్లకి’ నాలుగు, ‘కాదోయ్’ నాలుగు. ‘అది మోసిన’ ఆరు, ‘బోయీ’ నాలుగు, ‘లెవ్వరు’ నాలుగు. ‘లెవరు’ అంటే ఒక మాత్ర పోతుంది. ‘బోయ’ అన్నా ఒకటి పోతుంది. మహాకవి చెవి అంత తేలిగ్గా మోసపోదు.

ఖాజా (కర్నూలు): లెక్కకి నమస్కారం మాస్టారూ. కానీ పాడేటప్పుడు ‘బోయ’ను కాస్త సాగదీస్తే సరిపోతుంది. మా వైపు చాలామంది అలాగే అంటారు. అసలు సంగతి వేరే ఉంది. బోయ అంటే వేటగాడు. కన్నప్ప కాకముందు తిన్నడు బోయే కదా. ప్రసాద్ గారి మనిషి చేసిందేమిటి? వేటే! చలికి గడ్డకట్టే వాగులో మోకాలి లోతున నిలబడి ఇనుప ట్రాపు పెట్టాలి. పైన పుల్లకి బీవర్ గ్రంథి నుంచి తీసిన వాసన ద్రవం పూయాలి. ఆ వాసనకి వచ్చింది నీళ్ళలోనే ఇరుక్కుంటుంది. పల్లకీ మోసేవాడి పనా ఇది?

సుజాత: ఖాజా భాయ్, శ్రీశ్రీకి మీరు పాఠాంతరం పుట్టిస్తున్నారు.

ఖాజా (కర్నూలు): పుట్టించడం లేదు అక్కా, ఉన్న ఉచ్చారణే చెబుతున్నా.

రఘు: ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటి. పల్లకీ మోసేవాళ్ళని ఇంగ్లీషువాళ్ళు ‘బాయ్’ అనేవాళ్ళు. 1886 నాటి ఆంగ్లో ఇండియన్ నిఘంటువులో ఆ అర్థానికి మూలం మన ‘బోయీ’ అనే ఉంది. అమెరికాలో తెల్లదొరలు ఎంత పెద్దవయసు నల్లవాడినైనా ‘బాయ్’ అనే పిలిచేవాళ్ళు. అంటే మన మాట అక్కడిదాకా వెళ్ళిందన్నమాట!

మూర్తి మాస్టారు: వెళ్ళలేదు నాయనా. కుర్రాడు అనే అర్థంలో ఆ మాట ఇంగ్లీషులో మధ్యయుగాల నుంచీ ఉంది, సేవకుడనే అర్థమూ పాతదే. పల్లకీ మోసేవాడనే అర్థం వరకే మన బోయీకి హక్కు. మిగతాది వాళ్ళ సొంత పాపం.

నాగమణి (వరంగల్): మా దిక్కు బెస్తల్లో పల్లకీ మోసేటోళ్ళను బోయీలంటరు. అర్థం మీద తగాదా ఎందుకు? నా అనుమానం వేరే. ప్రసాద్ అన్నా, మీ మనిషికి అసలా పాదం నప్పుతుందా? మోసినోడు కావాలంటే యార్క్ ఉన్నడు.

ప్రసాద్ (శాక్రమెంటో): అమెరికా పడమటి దిక్కు చూసి రమ్మని ప్రభుత్వం పంపిన లూయిస్, క్లార్క్‌లతో వెళ్ళిన యార్కేనా?

నాగమణి (వరంగల్): ఆయనే. క్లార్క్‌కు బానిస. 1804 నుంచి 1806 దాక పసిఫిక్ వరకు పోయి వచ్చిండు. హిడాట్సా తెగ పెద్ద ఒకాయన వేలు తడి చేసి యార్క్ చర్మం రుద్ది చూసిండట, రంగు పూసుకున్నడేమోనని. 1805 నవంబరుల కొలంబియా నది మూతి కాడ చలికాలం ఎక్కడుండాల్నని అందరినీ అడిగితే యార్క్ మాట గూడ రాసుకున్నరు. తిరిగొచ్చినంక తోటోళ్ళకు రెట్టింపు జీతం, 320 ఎకరాలు. యార్క్‌కు గుండు సున్న. లూయీవిల్‌ల ఉన్న పెండ్లాం కాడ ఉంటనంటే ఒప్పుకోలే, కొట్టిన అని క్లార్కే తమ్మునికి... కాదు, అన్నకు ఉత్తరం రాసిండు. 2001ల క్లింటన్ దిగిపోయే ముందు గౌరవ సార్జెంట్ హోదా ఇచ్చిండు. బోయీ అంటే ఆయన.

సుజాత: అవును, ఈ లెక్కన బెక్‌వర్త్ బోయీ కాడు. తండ్రి తెల్ల యజమాని, కోర్టుకి వెళ్ళి విడుదల పత్రం రాయించాడు. సెయింట్ లూయిస్‌లో కమ్మరి దగ్గర పని నేర్చి, 1824లో బొచ్చు వ్యాపారి ఆష్లీ దండుతో కొండలకెళ్ళి, క్రో అనే ఆదివాసీ తెగలో ఏళ్ళ తరబడి ఉన్నాడు. చెప్పి రాయించుకున్న ఆత్మకథ 1856లో వచ్చింది. అందులో తానే వీరుడు, తానే నాయకుడు. పల్లకీ ఎక్కాలని చూసిన మనిషి.

ఖాజా (కర్నూలు): అందుకే బోయ అంటున్నా!

మూర్తి మాస్టారు: ఆత్మకథలో గొప్పలు కొన్ని ఉన్నాయి, కాదనను. శ్రీపాద వారి ఆత్మకథలో లేవా? ఆ వాక్యం నడకకి మనం అన్నీ క్షమించేస్తాం. ఒక వంటింటి సంగతి చెప్పినా సరే, ఆయన...

సుజాత: మాస్టారూ, శ్రీపాద వారికి వేరే థ్రెడ్ పెట్టుకుందాం, దయచేసి.

ప్రసాద్ (శాక్రమెంటో): నేను బోయీ అన్న మాటకే ఎందుకు పట్టుబడుతున్నానో చెబుతా. 1851లో ఆ కనుమ గుండా మొదటి బండ్ల వరసని ఆయనే నడిపించాడు. అందులో జోసెఫిన్ స్మిత్ అని పదేళ్ళ పాప. ఆ పాపని, అక్కని జీను లేని తన గుర్రం మీద ముందు కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. రెండు జడలు, తోలు కోటు, మొకాసిన్లనే మెత్తటి తోలు చెప్పులు, ఆయన వేషం ఆమెకి ముసలితనంలోనూ గుర్తే. కాలిఫోర్నియా కనబడగానే ‘ఇదిగో, ఇదే మీ రాజ్యం’ అన్నాడని చెప్పుకుంది. ఆ పాపే పెద్దయ్యాక ‘ఐనా కూల్‌బ్రిత్’ అనే పేరుతో కవయిత్రి అయింది, 1915లో కాలిఫోర్నియా మొదటి ఆస్థానకవి. కవినే మోసుకొచ్చాడండీ, ఇంకేం కావాలి?

నాగమణి (వరంగల్): అన్నా, గుర్రం మోసింది.

రఘు: 😀

ప్రసాద్ (శాక్రమెంటో): ఇంకా ఉంది. ఆ బండ్లు కాలిఫోర్నియాలోని మేరీస్‌విల్ ఊరికి చేరిన రాత్రే ఊరు తగలబడింది. దారి వేసినందుకు ఊరివాళ్ళు ఇస్తామన్న డబ్బు ఇక రాలేదు. 5,221 అడుగుల కనుమ అది, అవే కొండల్లోని డోనర్ కనుమ 7,000 పైమాటే. బండ్లవాళ్ళకి ఎంత మేలో చూడండి. పనికి కూలి రాలేదంటే బోయీ కాదా?

సుజాత: కూలి ఎగ్గొడితే కాంట్రాక్టరు కూడా బోయీ అయిపోతాడా? ఇంకోటి మీరు వ్యాసంలో పెడుతున్నారో లేదో. 1864 నవంబరు 29న శాండ్ క్రీక్‌లో కల్నల్ చివింగ్టన్ సైన్యం షయాన్, అరపాహో ఆదివాసీ జనాన్ని చంపినప్పుడు వాళ్ళకి దారి చూపించింది బెక్‌వర్తే. రాకపోతే ఉరి తీస్తానన్నారని తర్వాత విచారణలో సాక్ష్యం చెప్పాడు. చెప్పడమైతే చెప్పాడు, శవాల సంగతీ చెప్పాడు. కానీ ఆ రోజు మోసింది ఏ ప్రభువు పల్లకీ?

ఖాజా (కర్నూలు): ఇప్పుడు అక్క నా బోయనీ మాస్టారి బోయీనీ రెండింటినీ కొట్టేసింది.

మూర్తి మాస్టారు: పదం ఎవరికి నప్పుతుందన్నది వ్యాసకర్త బాధ. మాత్రలు మాత్రం మారవు.

నాగమణి (వరంగల్): పేరు సంగతి గూడ చూస్కో అన్నా. తండ్రి ఇంటిపేరు బెక్‌విత్. కొడుకు పుస్తకంల బెక్‌వర్త్ అని వేసుకున్నడు. కనుమ పేరు శానా ఏండ్లు పటాల మీద బెక్‌విత్ అనే ఉండె. నీ వ్యాసంల ఏది రాస్తున్నవు?

ప్రసాద్ (శాక్రమెంటో): బెక్‌వర్త్. ఆయన వేసుకున్నదే.

మూర్తి మాస్టారు: తెలుగులో ‘వర్త్’ అని రాస్తే ధన విలువ అనిపిస్తుంది. ‘వుర్త్’ మేలేమో.

రఘు: మాస్టారూ, ‘వుర్త్’ పలికితే నాలుక తిరగదు.

ఖాజా (కర్నూలు): కొండల పేరులో ‘నెవాడా’నా, ‘నవాడా’నా అన్నది తేల్చాలి ముందు.

ప్రసాద్ (శాక్రమెంటో): అయ్యా, శుక్రవారం ప్రింటింగ్!